పట్నం కన్న ముందు పుట్టిన పుల్

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. సంకురాత్రి దినాలల్ల మూసీ మీదికెల్లి వచ్చే గాలి ఎముకలల్ల దూరుతది. చిన్నీ, ఆ ఎండు కట్టె ఇంకోటి మంటల ఎయ్యి. ఇగ ఇనుండ్రి.

పొద్దుగాల పెద్దోడు నాతోని ఒక మాటన్నడు. నౌకరి ఇడిశిపెట్టి కంపెనీ పెడతడట. మంచిదే. ఏం చేస్తవురా అంటె అది ఇంకా తేలలేదన్నడు. అయిదేండ్లల్ల పెంచి ఎవరికన్న అమ్మి బయటపడుడు మాత్రం తేలిందట. నేనప్పుడు ఏమనలే. బతుకంత బేగంబజార్‌ల ఒక సేటు దుకాన్ల లెక్కలు రాసే మునీం పని చేసినోణ్ణి, బహీ తిరగెయ్యకుండ జవాబు చెప్పుడు నాకు అలవాటు లేదు. ఇయ్యాల పగలంత తిరగేసిన. ఇప్పుడు చెప్త.

ముందు మన పురానా పుల్ ముచ్చట. రోజూ దీని మీదికెల్లి పోతరు గాని ఎన్నడన్న లెక్కేసిండ్రా? గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కులీ కుతుబ్‌షా దీన్ని 1578ల కట్టిచ్చిండు. ఇరవై రెండు కమాన్లు. అప్పటికి చార్మినార్ లేదు, మక్కా మసీదు లేదు, హైదరాబాద్ అనే ఊరే లేదు. చార్మినార్ లేచింది 1591ల. అంటె ఈ పుల్ పట్నం కన్న పదమూడేండ్లు పెద్దది. ఆయన కొడుకు షాజాదా, అవతలి ఒడ్డున ఉండే భాగమతి కోసం వాగు దాటిండని ఒక ఇష్కు కథ చెప్తరు. కథ ఎట్లున్నా, మునీం కండ్లకు కనపడేది ఇంకోటి. ఇటు గోల్కొండ, పక్కనే సాహుకార్ల కార్వాన్, అటు దిక్కు మచిలీపట్నం రేవుకు పోయే బాట. వజ్రాలు, బట్టలు, మసాలాలు అన్ని ఏరు దాటాలె. ఏరు నిండితె బేరం ఆగుతది. పారిస్ నుంచి వచ్చిన జవహరీ తావెర్నియే ఈ పుల్ చూసి, మా ఊరి పుల్‌కు ఏం తీసిపోదని రాసుకున్నడు.

ఆ రాజు దర్బార్ల ఎవరన్న అడిగే ఉంటరు, అవతల ఊరే లేదు కద హుజూర్, అంత పెద్ద పుల్ ఎందుకు అని. ఆయన 1580ల పోయిండు. పట్నం చూడనే లేదు. ఆయన కొడుకు మహమ్మద్ కులీ కట్టిండు పట్నం. తాను చూడని మందికోసం రాయి పెట్టిండు ఆయన. పెద్దోడా, ఈ మాట యాదుంచుకో.

1908 సెప్టెంబర్ 28 ముచ్చట మా తాత చెప్పంగ ఇన్న. మూసీ ఇండ్ల మీదికి వచ్చింది. పదిహేను వేల మంది పోయిండ్రంటరు. అఫ్జల్‌గంజ్ పుల్, ముస్లింజంగ్ పుల్, చాదర్‌ఘాట్ పుల్, మూడింటికి మూడు తెగినయి. ఏటికి రెండు దిక్కుల మందిని కలిపింది ఈ ముసలి పుల్ ఒక్కటే. దాని తర్వాత నిజాం సర్కార్ విశ్వేశ్వరయ్యను పిలిపిచ్చింది. ఆయన ఒడ్డుకు గోడ కట్టి చేతులు దులుపుకోలే. మీద ఎక్కడ నీళ్ళు పడుతున్నయి, ఎక్కడ ఆపాలె అని ఏరు పుట్టిన కాడికి పోయి చూసిండు. గండిపేట 1920ల తయారైంది, హిమాయత్‌సాగర్ 1927ల. వరద ఆగింది, మీదికెల్లి పట్నానికి తాగనీకి నీళ్ళు దొరికినయి. ఆ కట్టలతోని రెండు తీర్ల పని అయింది.

ఇది రాజుల పని, వ్యాపారానికి ఏం సంబంధం అంటవేమో. ఉంది. గండిపేట నిండిన 1920లనే ఈ పట్నంల ఒక చిన్న దుకానం పుట్టింది. మా ఇంటి గూట్ల ఎప్పుడు రెండు సీసలుండేవి. ఒకటి పసుపుపచ్చది, ఒకటి ఎర్రది. ఎర్రది ఏందో చెప్పు చిన్నీ. హా, జిందా తిలిస్మాత్.

దాన్ని పెట్టినాయన హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ సాబ్. యునానీ హకీం. నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్, వాము పువ్వు, రంగుకు రతన్‌జోత్, ఇవి కలిపి ఎర్రటి మందు చేసిండు. సలి చేసిందా, రెండు చుక్కలు వేడి చాయ్‌ల. పిల్లగానికి ముక్కు దిబ్బడేసిందా, ఛాతికి రాసుడు. కడుపు నొచ్చిందా, చక్కెర మీద చుక్క. మా అమ్మ దాన్ని ముట్టని పూట లేకుండె. మందు ఎంత పని చేస్తది, దేనికి చెయ్యదు, అది డాక్టర్లు చెప్పాలె. జెర నాలుగు రోజులైనా తగ్గకుంటె దవాఖానకు పొమ్మనే నేను చెప్త. నేను చెప్పేది ఆ సీస ఎనకున్న వ్యాపారం ముచ్చట.

దాని డబ్బ మీద ఒక హబ్షీ సిపాయి బొమ్మ ఉంటది, చూసిండ్రు కద. నిజాం ఫౌజుల ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ అని గుర్రపు రౌతులుండేటోళ్ళు. వాళ్ళున్న బస్తీనే ఇయ్యాల మాసాబ్‌ట్యాంక్ కాడ ఏసీ గార్డ్స్ అంటున్నం. వాళ్ళ బలం, వాళ్ళ ధైర్యం పట్నమంత ఎరుక. చదువు రానోడు సుత బొమ్మ చూసి మందు గుర్తు పట్టేటోడు. నూరేండ్లు దాటింది, ఆ బొమ్మ మారలే. కార్ఖానా అంబర్‌పేట్‌ల. ఆ బస్తీని ఇప్పటికి కార్ఖానా జిందా తిలిస్మాత్ అనే పిలుస్తరు. మొయిజుద్దీన్ సాబ్ ఇంటోళ్ళే నడుపుతున్నరు. అదే మందు, దాని తోటి ఫారూఖీ పండ్లపొడి అసొంటివి కొన్నే. 2020ల నూరేండ్లు నిండంగ కరోనా వచ్చింది, ఆ సీసకు గిరాకి ఎగబడ్డది.

ఇగ మునీం లెక్కల ఆలోచిద్దాం. అంత పేరున్న మందు. నూరు రకాల సబ్బులు, నూనెలు, బిస్కెట్లు ఆ బొమ్మ తోటి అమ్మొచ్చు. సలి దినాలల్ల ధర డబుల్ చెయ్యొచ్చు. చెయ్యలే. చిన్న సీస రిక్షావాలాకు సుత అందేటట్టు ఉంచిండ్రు. రజాకార్ల గడబిడ వచ్చింది, 1948 పోలీస్ యాక్షన్ వచ్చింది, హాలీ సిక్కా పోయి ఇండియా రూపాయి వచ్చింది, రాష్ట్రాలు కలిసినయి, మల్ల ఇడిపోయినయి. గూట్ల సీస గూట్లనే ఉంది. తుర్కోళ్ళ ఇంట్ల ఉంది, హిందువుల ఇంట్ల ఉంది. పండుగలు వేరే కావచ్చు గాని సలి అందరికి ఒక్క తీరుగనే పెడతది.

పసుపుపచ్చ సీస ఏంది? అమృతాంజనం. దాన్ని పెట్టింది కృష్ణా జిల్లా ఎలకుర్రుల పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1893ల బొంబాయిల మొదలువెట్టిండు. పాట కచేరీల కాడ ఊరికెనే పంచి మందికి అలవాటు చేసిండంటరు. నడిచింది, పైసలు మస్తుగ వచ్చినయి. ఆ పైసలేం చేసిండు? 1908ల బొంబాయిలనే తెలుగుల ఆంధ్రపత్రిక పెట్టిండు. 1914ల మద్రాసుకు తీస్కపోయి దినపత్రిక చేసిండు. 1924ల భారతి పెట్టిండు. మన తెలుగు రాసెటోళ్ళు ఎంత మందో ఆ భారతిల రాసి పెద్దోళ్ళైండ్రు. తలనొప్పి మందు అమ్మిన పైసలు ఒక జాతి చదువుకు పోయినయి. ఆయన 1938ల పోయిండు, అమృతాంజనం ఇయ్యాలటికి అమ్ముతున్నరు. ఆయన్ను మంది దేశోద్ధారక అని పిలిచిండ్రు. ధనవంతుడని ఎవ్వరు పిలవలే.

మా సేటు సుత ఒక ముచ్చట చెప్పేటోడు. ఆయన పేరు చెప్పను, పేరు కోసం చేసినోడు కాడు. ఒక తాప పసుపు లారీ దిగింది. చేతుల రుద్ది చూసిండు, రంగు కలిపిండ్రు. చుట్టుపక్కల అందరు అదే మాల్ అమ్ముతున్నరు, గిరాకోళ్ళకు తెల్వదు, ధర సుత మంచిగుంది. సేటు లారీ ఎనక్కి పంపిండు. కిరాయి మేమే కట్టినం. నష్టం ఖాతాల ఆ పైకం నేనే రాసిన. రాస్తుంటె సేటు అన్నడు, ఇది నష్టం కాదు మునీంజీ, నా మనుమని దుకానానికి కట్టిన కిరాయి అని. అప్పటికి ఆయన కొడుక్కు పెండ్లే కాలే.

ఇవి పాత ముచ్చట్లు తాతా, ఇప్పటి కంపెనీలు వేరే అంటవని నాకెరుక. అందుకె ఇప్పటిది, మన కండ్ల ముందటిది చెప్త.

మన బస్తీల పచ్చకామెర్లు వచ్చినోణ్ణి ఏం చేసేటోళ్ళు? పసరు పోసెటాయన దగ్గరికి తీస్కపోదురు. కామెర్లల్ల చాన రకాలున్నయి, ఒక రకం దానంతట అదే తగ్గుతది, దాంతోని పసరుకు పేరు వస్తుండె. ఇంకో రకం ఉంది, హెపటైటిస్ బి. అది రక్తంల దూరుతది. సూది నుంచి వస్తది, తల్లి నుంచి పుట్టిన బిడ్డకు వస్తది. ఏండ్ల కొద్ది సప్పుడు చెయ్యకుండ కూసుని కాలేయం తింటది, క్యాన్సర్ సుత కావచ్చు. దానికి టీకా ఉంది, గాని బయట దేశాల నుంచి వచ్చేది. ఒక్క డోసు ఏడెనిమిది వందల రూపాయలు. అసొంటియి మూడు డోసులు. 1990ల ముచ్చట ఇది. అప్పుడు ఇద్దరు పిల్లలున్న హమాలీ ఆ టీకాలేపిస్తే ఇంట్ల పొయ్యి నెలల కొద్ది ఎలగదు.

నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెం నుంచి వచ్చినాయన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. డాక్టరు కాడు, మందుల వ్యాపారి కాడు. 1992ల జెనీవాల టీకాల మీద జరిగిన సభకు పోయిండు. అక్కడ హెపటైటిస్ బి గురించి ఇన్నడు, మన దేశంల ఎంత మంది దీంతోని పోతున్నరో ఇన్నడు. ఆ విద్య మాకియ్యుండ్రని ఒక బయటి కంపెనీని అడిగిండు. అంత పైసలు మీ దగ్గర లేవు, ఉన్నా మీవాళ్ళకు అది పట్టుబడదు అన్నట్టు జవాబొచ్చిందని ఆయనే చాన సార్లు చెప్పుకున్నడు.

కోపమొస్తది కద. కోపం వచ్చినోళ్ళు చానమంది ఉంటరు. ఈయన 1993ల శాంతా బయోటెక్నిక్స్ పెట్టిండు. శాంతమ్మ ఆయన తల్లి పేరు. బ్యాంకులు అప్పియ్యలే. ఎందుకంటె ఆ పని ఏందో బ్యాంకోళ్ళకు తెల్వదు, తాకట్టు పెట్టనీకి మాల్ కనపడది, లాభం ఎప్పుడొస్తదో చెప్పనీకి రాదు. ఒమాన్ దేశం విదేశాంగ మంత్రి యూసఫ్ బిన్ అలవీ పెట్టుబడి పెట్టి, ధైర్యం చెప్పిండు. పని మొదట ఉస్మానియా యూనివర్సిటీల ఒక ప్రయోగశాలల, తర్వాత హబ్సిగూడ సీసీఎంబీల జాగా తీసుకుని నడిచింది. ఈస్టు కణాలల్ల ఆ వైరస్ పై తొడుగు ప్రోటీన్‌ను పెంచి, దాన్ని శుద్ధి చేసి టీకా చేసుడు. బయటోళ్ళు ఇయ్యనన్న విద్యను మన పిల్లలే మొదటి నుంచి కూసుని తయారు చేసిండ్రు. నాలుగేండ్లు అమ్మనీకి ఒక్క సీస లేదు, ఖర్చు మాత్రం రోజూ ఉంది. మునీంగ చెప్తున్న, ఆ నాలుగేండ్ల బహీ రాసుడు ఎంత కష్టమో నాకు తెలుసు.

1997 ఆగస్టుల షాన్‌వాక్-బి బయటికి వచ్చింది. ఇక్కడ ఆగుండ్రి, ముచ్చట అసలు కీలు ఇదే. బయటి టీకా ఏడెనిమిది వందలు ఉన్నప్పుడు ఈయన ఎంతకు అమ్మొచ్చు? నాలుగు వందలకు అమ్మినా మంది చేతులు జోడిస్తరు. సగం ధర కద! పెట్టుబడి పెట్టినోళ్ళు మురుస్తరు. ఈయన సుమారు యాభై రూపాయలకు పెట్టిండు. పిచ్చోడు కాడు. కంపెనీ ఎందుకు పెట్టిన అని తన్ను తాను అడిగితె జవాబు ఒక్కటే వస్తది. హమాలీ బిడ్డకు సూది పడాలె అని పెట్టిన. నాలుగు వందలు పెడితె హమాలీ బిడ్డకు పడదు. ఇగ కంపెనీ ఎందుకు?

ఆ ఒక్క ధర ఏం చేసిందో చూడు. బయటి కంపెనీలు సుత ధర దించక తప్పలే. మన హైదరాబాద్‌లనే కృష్ణ ఎల్లా 1996ల పెట్టిన భారత్ బయోటెక్ అదే టీకాను ఇంకా అగ్గువకు తెచ్చింది. 2002ల ప్రపంచ ఆరోగ్య సంస్థ శాంతా టీకాకు ఒప్పుదల ఇచ్చింది. దాంతోని అది బయటి బీద దేశాలకు పోవుడు మొదలైంది. తర్వాత మన సర్కార్ టీకాల జాబితాల హెపటైటిస్ బి చేరింది. చిన్నీ, నువ్వు పుట్టినప్పుడు దవాఖానల నీకు ఊరికెనే ఏసిండ్రు. ధర అంత దిగకుంటె సర్కార్ అందరు బిడ్డలకు కొని ఏసుడు ఎక్కడిది?

మల్ల పెద్దోడు అడుగుతడు, ఆయన సుత కంపెనీ అమ్మిండు కద తాతా అని. అవు, అమ్మిండు. 2009ల ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ చేతులకు పోయింది. నేను దాచను. అమ్ముడు తప్పని నేననలే రా. అమ్మనీకే పుట్టించుడు తప్పంటున్న. శాంతా అమ్ముడయ్యే నాటికి టీకా ధర దిగిపోయింది, ఆ విద్య మన పట్నంల నిలిచింది. ఎవరి కోసం పెట్టిండో వాళ్ళకు చేరింది. పని అయినంక తలుపు ఎవరి చేతుల ఉన్నా ఫరక్ పడదు.

ఇంకొకాయన కల్లం అంజిరెడ్డి. తాడేపల్లి పసుపు రైతు కొడుకు. పుణె నేషనల్ కెమికల్ లాబొరేటరీల డాక్టరేట్ చేసి, మన బాలానగర్ ఐడీపీఎల్‌ల నౌకరి చేసిండు. ఐడీపీఎల్ సర్కార్ కంపెనీ. ఆ కంపెనీ ఖాయిలా పడ్డది గాని, దాంట్ల పని నేర్చినోళ్ళు పట్నం చుట్టు మందుల కార్ఖానలు పెట్టిండ్రు. ఇయ్యాల మన దిక్కు ఇన్ని మందుల కంపెనీలున్నయంటె దాని పునాదిల ఐడీపీఎల్ ఉంది. అంజిరెడ్డి 1984ల ఇరవై అయిదు లక్షలతోని డాక్టర్ రెడ్డీస్ పెట్టిండు. బయటోళ్ళు మస్తు ధరకు అమ్మే మందులను అగ్గువకు చేసి బీదోళ్ళకు అందేటట్టు చేసిండు. అంతటితోని ఆగినా ఆయనకు ఏం తక్కువ కాకుండె.

ఆగలే. మనోళ్ళు ఎన్నడు ఇంకొకరు కనిపెట్టిన మందునే చేసుడేనా, మనం కొత్త మందు కనిపెట్టమా అన్నడు. 1993ల పరిశోధన సంస్థ పెట్టిండు. 1997ల వాళ్ళు కనిపెట్టిన షుగర్ మందు అణువును డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ తీసుకున్నది. మన దేశం నుంచి అట్ల పోయిన మొదటిది అది. గాని మధ్యల ఆగింది, మందు బజార్‌కు రాలే. ఇంకొన్ని సుత అట్లనే ఆగినయి. 2013 మార్చిల ఆయన పోయిండు. ఆయన రాసుకున్న పుస్తకానికి యాన్ అన్‌ఫినిష్డ్ అజెండా అని పేరు పెట్టిండ్రు. పని మిగిలిపోయిందని. నేనంట, అట్ల మిగిలిపోయేంత పెద్ద పని పెట్టుకోవాలె మనిషి. తన ఆయుష్షుల అయిపోయే పని పెట్టుకున్నోడు తన కోసం పెట్టుకున్నట్టు. ఇబ్రహీం కులీ పట్నం చూడలే, అంజిరెడ్డి తన మందు చూడలే. గాని ఇయ్యాల ఈ పట్నంల వేల మంది పిల్లలు ప్రయోగశాలలల్ల కూసుని కొత్త అణువుల మీద పని చేస్తున్నరు.

ఇగ చేదు ముచ్చట. అది చెప్పకుంటె నా మాట అరువది పైసలే అయితది, రూపాయి కాదు.

సత్యం కంప్యూటర్స్. 1987ల మన పట్నంల పుట్టింది. ఇంటింటికి ఒక పిల్లగాడు సత్యంల చేరాలె అనుకునేటట్టు పెరిగింది. దాని పెద్ద రామలింగరాజు బయట ఎంతో మంచి చేసిండు. 2005ల 108 అంబులెన్సు ఆయనతోనే మొదలైంది. దాంతోని ఎంత మంది పాణాలు నిలిచినయో లెక్క లేదు. దాన్ని నేను చిన్నగ చెయ్య. గాని 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాసి ఒప్పుకున్నడు. బ్యాంకులల్ల ఉన్నట్టు బహీల చూపిన 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు అని. మొదట కొంచెం తేడా, మూడు నెల్లకోసారి లాభం మంచిగ కనపడాలె కద, అందుకు జెర పెంచి రాసుడు. మల్ల దాన్ని కప్పనీకి ఇంకా పెంచుడు. ఏటికేడు పెరిగింది. 2015 ఏప్రిల్‌ల కోర్టు ఏడేండ్ల శిక్ష ఏసింది. కంపెనీ ఇంకొకరి చేతులకు పోయింది, వేల ఇండ్లల్ల నిద్ర పోయింది.

మునీం అయినోనికి ఆ ఉత్తరం సంగతి ఇన్ననాడు అన్నం సహించలే. బహీల అబద్ధం రాసుడు అంటె మాకు గంగల విషం కలిపినట్టు. గాని దాంట్ల ఒక పాఠం ఉంది, అది మీకియ్యాలె. మంచి పనిని వ్యాపారం బయట పెట్టి, లోపల మూడు నెల్ల లాభం కోసం బతికితె ఆ మంచి వ్యాపారాన్ని కాపాడదు. చానమంది సేట్లు పొద్దుందాక తూకంల కోసి, పొద్దు మూకినంక ధర్మసత్రాలు కడుతరు. సత్రం మంచిదే. కోసిన తూకం మాత్రం తిరిగి రాదు. శాంతా మంచితనం ఎక్కడుంది? టీకా ధరల ఉంది. జిందా తిలిస్మాత్ మంచితనం చిన్న సీసల ఉంది. మా సేటు మంచితనం ఎనక్కి పోయిన లారీల ఉంది. అమ్మే మాల్‌ల, రాసే బహీల, పెట్టే ధరల ఉన్న ధర్మమే ధర్మం. పంతులుగారు పత్రికలు పెట్టిండు అంటె, ముందు ఆ మందు నమ్మకమైంది కాబట్టి పెట్టగలిగిండు.

లాభం చెడ్డదని నేననలే. లాభం లేకుంటె నా జీతం ఎక్కడికెల్లి వచ్చేది, మీ నాయిన చదువు ఎక్కడికెల్లి వచ్చేది? లాభం రావాలె, కచ్చితంగ రావాలె. లాభం లేని మంచి మాట రెండో ఏడు దాక సుత నడవదు. గాని లాభం ఎన్నడొస్తది, ఎంతొస్తది అనే ముందు, ఎవరి దగ్గర నుంచి వస్తది, వాళ్ళకు నువ్వేం ఇస్తున్నవు అని అడగాలె. ఆ వరుస తారుమారైతె ఎంత పెద్ద కంపెనీ అయినా ఒక ఉత్తరంతోని కూలుతది. వరుస సరిగ్గుంటె చిన్న సీస నూరేండ్లు నడుస్తది.

పెద్దోడా, ఇగ నీకు చెప్త. కంపెనీ పెట్టు. నా దగ్గరున్న నాలుగు పైసలు సుత ఇస్త. గాని అంతకు ముందు ఒక కాయితం తీసుకుని మూడు మాటలు రాసుకరా. ఒకటి, ఇది లేకుంటె ఎవరికి కష్టమైతది, వాళ్ళ బస్తీ ఏది, వాళ్ళ రోజు కూలి ఎంత. రెండు, ఆ కూలిల నుంచి వాళ్ళు నీకు ఎంత ఇయ్యగలుగుతరు, ఆ ధరల నువ్వు చెయ్యగలుగుతవా. మూడు, చేతుల పైసలు అయిపోయి, అబద్ధం ఒక్క గీత రాస్తె గట్టెక్కుతనని అనిపిచ్చిన రోజు నువ్వేం చేస్తవు. మూడోదానికి జవాబు ఇయ్యాల్నే రాసుకోవాలె. ఆ రోజు వచ్చినంక రాసుకోనీకి చెయ్యి ఆడది.

అయిదేండ్ల లెక్క నీ పెట్టుబడోళ్ళకు చెప్పు, తప్పులేదు. నీ మనసుల మాత్రం ఇరవై అయిదేండ్ల లెక్క పెట్టుకో. నీ దగ్గర పని చేసే పిల్లగాడు ముసలోడైనంక తన మనుమలకు నీ కంపెనీ ముచ్చట చెప్పుకుంటడా, చెప్పుకోనీకి సిగ్గుపడుతడా? వ్యాపారానికి అంతకు మించిన ఆడిటు లేదు. ఆ కాయితం రాసుకుని రా బిడ్డా, మొదటి బహీ నేనే తెరుస్త.